ఫ్రిజ్ మీది కప్పులు

మూడు శనివారాలు గడిచాయి. వినీల రాలేదు.

ఇంటర్‌లో చేరాక మీనాకుమారికి దొరికిన ఒక్కగానొక్క స్నేహితురాలు వినీల. మీనా పదిమందిలో నోరు విప్పలేని పిల్ల. అలాంటిది వినీల పక్కనుంటే మాటలు వాటంతటవే వచ్చేవి. పెనుగొండ బజారులో కింద కిరాణా కొట్టు, పైన మీనా వాళ్ల ఇల్లు. శనివారం మధ్యాహ్నాలు వినీల అక్కడికి వచ్చేది, ఇద్దరూ కూర్చుని లెక్కలు చేసుకునేవారు. ఇప్పుడు కాలేజీలో కూడా రెండు వరసలు వెనక్కి వెళ్లి కూర్చుంటోంది. అడిగితే "ఏం లేదులే" అంటోంది.

తనేం తప్పు చేసిందో మీనాకి తెలియలేదు. నాలుగో శనివారం సైకిల్ తీసి, మూడు కిలోమీటర్ల అవతల ఉన్న వినీల వాళ్ల ఊరికి బయల్దేరింది.

లూథరన్ చర్చి వెనక రెండో ఇల్లు. వినీల తల్లి దేవకుమారి అప్పుడే చేలో కలుపు తీసి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మీనాని చూసి కంగారుపడింది.

"కొట్టు కుక్కుటేశ్వరరావుగారి అమ్మాయివి కదూ? ఇంత ఎండలో వచ్చావేంటమ్మా, కూర్చో కూర్చో." కుర్చీని కొంగుతో తుడిచి వేసింది.

వినీల గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

దేవకుమారి వీధి చివరి బడ్డీకి వెళ్లి కూల్‌డ్రింక్ సీసా తెచ్చి, మూత తీయకుండా మీనా చేతిలో పెట్టింది.

"సీలు అలాగే ఉందమ్మా, చూసుకో. మీరు మా ఇళ్లల్లో తాగరు కదా, అందుకని."

ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. వానొస్తే గొడుగు వేసుకోవాలన్నంత మామూలుగా అంది. అందుకే మీనాకి మరీ గుచ్చుకుంది.

"మా ఇంట్లో అలాంటివేం లేవండీ. మీ వినీలనే అడగండి."

వినీల అప్పుడు నోరు విప్పింది. "మీ ఫ్రిజ్ మీద పేపర్ కప్పులు ఎవరికే?"

"ఇంటికొచ్చినవాళ్లకి."

"మీ పిన్నిగారి పిల్లలు వచ్చినరోజు నేనూ ఉన్నాగా. వాళ్లకి దేంట్లో ఇచ్చావు?"

ఫ్రిజ్ మీద ఎప్పుడూ ఒక కప్పుల ప్యాకెట్ విప్పి ఉంటుంది. అది ఎవరికోసమో అమ్మగానీ మామ్మగానీ చెప్పలేదు, మీనా అడగలేదు. గ్యాస్ బండ తెచ్చే ఆయనకి కప్పు. డాబా ఊడ్చే రెబెక్కాకి కప్పు. ట్యూషన్ మాస్టారికి స్టీలు గ్లాసు. ఇన్నేళ్లూ తన చెయ్యి తనని అడక్కుండానే అటో ఇటో వెళ్తూ వచ్చింది.

వినీల చివరిసారి వచ్చిన శనివారం గుర్తొచ్చింది. దాహమేసి వినీల తనే లేచి, స్టాండులోంచి ఒక గ్లాసు తీసుకుంది. మీనా గబగబా వెళ్లి, "అయ్యో, నువ్వెందుకు" అంటూ దాన్ని చేతిలోంచి తీసేసుకుని, కప్పులో నీళ్లు పోసి ఇచ్చింది. పైగా మర్యాద చేశాననుకుంది.

"నేను కావాలని చెయ్యలేదే."

"తెలుసు. కావాలని చేసుంటే అక్కడే తిట్టేసి వచ్చేదాన్ని. నీకు తెలియనే తెలియదని తెలిశాక ఏమనాలో తోచలేదు."

"ఇంటికొచ్చిన పిల్లతో ఏంటే ఆ మాటలు," అంది దేవకుమారి.

మీనా సీసా కింద పెట్టింది. "ఆంటీ, మంచినీళ్లిస్తారా? కుండలోవి."

దేవకుమారి కూతురి వైపు చూసింది. వినీల వెళ్లి గ్లాసుతో తెచ్చింది. అంచు కింద చుక్కలతో చెక్కిన పేరు: వినీల. మీనా గ్లాసు ఎత్తి గొంతులో పోసుకోబోయి, సగంలో ఆగింది. చెయ్యి దించి, అంచు పెదాలకి ఆనించి తాగింది.

"ఇక్కడ తాగడానికేంలే," అంది వినీల. "చూసేవాళ్లెవరు? మీ మామ్మ ఉండగా చూద్దాం."

నవ్వుతూనే అంది. వస్తానని మాత్రం అనలేదు.

ఇంటికి రాగానే మీనా కప్పుల ప్యాకెట్ తీసేసింది.

"ఎవరైనా వస్తే దేంట్లో ఇస్తావే?" అంది తల్లి.

"గ్లాసులున్నాయిగా."

సోమవారం రెబెక్కాకి గ్లాసుతో టీ ఇస్తే, ఆవిడ తాగి, తనే కడిగి, విడిగా గట్టు మీద బోర్లించింది. ఆవిడ వెళ్లాక మీనా దాన్ని తీసి స్టాండులో మిగతావాటి మధ్య పెట్టింది.

శనివారం మూడింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. వినీల వచ్చింది. సంచీ భుజాన్నుంచి దించకుండానే, "దాహంగా ఉంది" అంది.

"స్టాండులో ఉన్నాయి, తీసుకో."

వినీల చేతికందిన గ్లాసు తీసింది. హాల్లో వత్తులు చేసుకుంటున్న మామ్మ తలెత్తింది.

"మీనా. అది తాతయ్యగారి గ్లాసు."

వినీల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గ్లాసు తిరిగి పెట్టలేదు, ముందుకీ రాలేదు. మీనా వైపు చూస్తూ ఉంది. మామ్మ మాటకి ఎదురుచెప్పడం మీనా పుట్టాక లేదు.

"అవును మామ్మా, తాతయ్యదే," అంది. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, వినీల చేతిలో ఉన్న గ్లాసులోనే నీళ్లు పోసింది.

మామ్మ మళ్లీ వత్తి అందుకుంది. "తాగాక బాగా తోమి పెట్టు," అంది.

"అన్నీ తోమినట్టే తోముతాను మామ్మా."

వినీల ఆగకుండా తాగింది. పెదాలు తుడుచుకుని, భుజం మీది సంచీ దించి చాప మీద కూర్చుంది.

"ఎక్కడిదాకా వచ్చావు? ఏడో లెక్క అయిందా?"

"నువ్వు లేకుండా ఎలా అవుద్దే," అంది మీనా.