సీమ్ తెచ్చిన తులిప్ గడ్డలు

ఏప్రిల్ వచ్చిందంటే కాలువ పక్క దారిలో అఫ్రా తోట దగ్గర సైకిళ్లు నెమ్మదించేవి. క్రోకస్‌లు, డాఫడిల్‌లు అందరి తోటల్లోనూ పూసేవే. జనం ఆగేది కాలువ గట్టున పూసే తులిప్‌ల కోసం. తెల్లటి రేకుల మీద అడుగునుంచి మంటలా పైకి ఎగబాకిన ముదురెరుపు చారలు. ఏ రెండు పూలూ ఒకేలా ఉండవు. చుట్టూ పొలాల నిండా తులిప్‌లే అయినా అవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే ఒంటిరంగువి.

ఎక్కడివని అడిగితే చాలు, అఫ్రా చేతులు తుడుచుకుంటూ కంచె దాకా వచ్చేది.

"మా ఆయన తెచ్చాడు, నా పుట్టినరోజుకి. హోర్న్ పట్నంలో ఎవరో ముసలాయన దగ్గరున్నాయని తెలిసి, బతిమాలి మరీ తెచ్చాడు."

సీమ్ అంత పని చేశాడంటే ఊళ్లో ఎవరికైనా నవ్వొచ్చేది. చుట్టాలు కాఫీతో రెండో బిస్కెట్ తీసుకోబోతే వాళ్ల ముందే డబ్బా మూత పెట్టేసే మనిషి అతను. పెళ్లయ్యాక ఒక్క పుట్టినరోజుకీ భార్య చేతిలో ఏమీ పెట్టలేదు. అలాంటివాడు ఒక శరదృతువులో బకెట్ నిండా గడ్డలు తెచ్చి, ఆమెను దగ్గరికి రానివ్వకుండా తనే మోకాళ్ల మీద కూచుని నాటాడు. రెండు వసంతాలు వాటిని చూసి, మూడోది రాకుండానే పోయాడు. అతని గురించి ఇంకేం గుర్తొచ్చినా అఫ్రాకి కడుపు మండేది. ఆ గడ్డలు గుర్తొస్తే మాత్రం చల్లబడేది.

ఏటా పూలు అయిపోయాక తవ్వి, ఆరబెట్టి, చలి ముదరకముందే మళ్లీ నాటేది. ఏటికేడు గడ్డలు చిన్నవైపోతున్నాయి. తన చాకిరీలోనే ఏదో లోపముందనుకుని ఇంకాస్త ఎరువు వేసేది. ఎదురింటి నేలీకి కూడా ఓ గుప్పెడు ఇచ్చింది.

కాలువ అవతలి పొలం సీమ్ తమ్ముడు ఆరిస్‌ది. ఆ ఏడు పూలు విచ్చుకున్న వారంలో పంటల తనిఖీవాళ్లు వచ్చి, వరసల వెంట నడిచి, అతని తెల్ల తులిప్‌ల మడి మొత్తం పనికిరాదని చెప్పి వెళ్లారు. మర్నాడు మధ్యాహ్నం ఆరిస్ పార పట్టుకుని వదిన ఇంటికొచ్చాడు.

"రా, రా. కాఫీ ఇప్పుడే దించాను. పార తెచ్చావేంటి, నా కేకు అంత గట్టిగా ఉంటుందా?" అంది అఫ్రా.

అతను నవ్వలేదు. చెక్క బూట్లు విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వదినా, గట్టు మీది పూలు పీకెయ్యాలి. ఇవాళే."

"ఏ పూలు?"

"ఇంకేవి? ఆ చారలవి. అది అందం కాదు, రోగం. పేనుబంక పురుగు ఇక్కడ రసం పీల్చి అక్కడ వాల్తోంది. నా తెల్లవాటన్నిటికీ చారలొచ్చేశాయి. మడంతా తవ్వి పారెయ్యాల్సిందే."

"బాగుంది. నీ పొలంలో తెగులొస్తే నా తోట మీద పడ్డావా? మీ అన్న చేత్తో పెట్టిన మొక్కలవి."

"తెలుసు."

"ఏం తెలుసు నీకు? ఆయన హోర్న్ దాకా వెళ్లి, కాళ్లావేళ్లా పడి..."

"ఏ హోర్న్? ఎవరి కాళ్లు?" ఆరిస్ గొంతు పెరిగింది. "నా షెడ్డు వెనక కుప్ప మీంచి ఏరుకెళ్లాడు! తెగులుందని నేను విడిగా తీసి పారేసినవి. నాటొద్దన్నయ్యా అని మొత్తుకున్నాను. ఏమన్నాడో తెలుసా? 'మీ వదినకేం తెలుస్తుందిరా, ఏదో ఒకటి పూస్తే చాలు. రేపు పుట్టినరోజట, పొద్దున్నుంచీ మొహం మాడ్చుకుని తిరుగుతోంది. ఊరికే దొరుకుతుంటే కొట్టుకెందుకెళ్లడం' అన్నాడు."

అనేశాక నాలిక కరుచుకున్నాడు.

అఫ్రా కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. కొంచెం ఒలికింది. గుడ్డ తీసుకుని తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"మరి ఇన్నేళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"ముందు తనే పీకేస్తానన్నాడు. తర్వాత మంచాన పడ్డాడు. ఆ తర్వాత నువ్వు వాటి పక్కన కూచుని ఏడుస్తుంటే అవతల్నుంచి చూశాను. ఎలా చెప్పను? మధ్యలో నీళ్లున్నాయి కదా, అంటుకోదులే అనుకున్నాను."

"జాలిపడ్డావన్నమాట. అన్నదమ్ములిద్దరికీ బాగానే దొరికాను నేను."

"వదినా..."

"ఆ పార ఇలా ఇవ్వు."

"నేను తవ్వుతాలే."

"నా తోట. ఇవ్వు."

ఎండకు రేకులన్నీ పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. ఆమె ఒక్కొక్క మొక్కనే పెళ్లగించి గోనెలో వేసింది. ఆరిస్ గోనె మూతి తెరిచి పట్టుకున్నాడు. ఒక్క గడ్డయినా దాచుకుంటుందేమోనని అతను తన చేతుల్నే చూస్తున్నాడని ఆమెకు తెలిసింది. ఆప్రాన్ జేబులు రెండూ బయటికి లాగి చూపించింది. అతను తల పక్కకి తిప్పుకున్నాడు.

మట్టిలోంచి వచ్చిన గడ్డలు వెల్లుల్లి రెబ్బలంత కూడా లేవు. తెగులు తినేస్తుంటే, ఎరువు చాలడం లేదని ఎన్నేళ్లు తనను తాను తిట్టుకుందో!

"నేలీ తోటలోనూ ఉన్నాయి, నేనే ఇచ్చాను," అంది చివర్లో. "దానికి నేను చెప్తాను. నువ్వు నోరెత్తకు."

నేలీ పారను చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో, సీమ్ తెచ్చినవే! వీటికి తెగులేంటే? ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆరిస్ నేల చూపులు చూశాడు.

"పొలాల్లోంచి," అంది అఫ్రా.

అతను చటుక్కున తలెత్తాడు. ఏదో అనబోయి, మింగేసి, గోనె మూతి బిగించాడు.

"పాపం, నీ కోసం ఎంత వెతికి తెచ్చాడో," నేలీ కళ్లొత్తుకుంది. "మా ఆయన బతికున్నన్నాళ్లూ నాకో ఉల్లిగడ్డ తెచ్చిన పాపాన పోలేదు. నువ్వు పెట్టిపుట్టావే అఫ్రా."

"అవును," అంది అఫ్రా. "పెట్టిపుట్టాను."

శరదృతువులో ఆరిస్ ఓ పెట్టెడు మంచి గడ్డలు తెచ్చాడు. ఎంత కొట్టినా తలుపు తెరుచుకోకపోతే గుమ్మంలో పెట్టి వెళ్లాడు. అఫ్రా పెట్టెను కాలితో షెడ్డులోకి తోసేసింది. గట్టున అప్పటికే క్యాబేజీ ఎదిగి ఉంది.

చలి తగ్గుతుండగా ఒకరోజు దేనికో షెడ్డు తలుపు తీసింది. మట్టి తగలని ఆ గడ్డలు చీకట్లోనే పాలిపోయిన మొలకలేసి, పెట్టె చెక్కల సందుల్లోంచి బయటికి పాకుతున్నాయి. కాసేపు చూసి, తలుపు వేసేసింది.