కొళాయి ఉన్న గంగాళం

"మావాడి చేతిలో ఏదో ఉందమ్మా, అచ్చం వాళ్ళ తాత పోలిక," అంటూ మా అత్తగారు ఆర్లీన్ బీరు గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ చాచింది. నేను సింకు దగ్గర సీసాలు కడుగుతున్నాను. ఈ బీరు ఇంట్లో కాయడానికి నెల కిందట ఒక ఆదివారం పొద్దున్నే లేచి బార్లీ నానబెట్టింది నేను. ఆ నీళ్ళు కాగుతున్నంతసేపూ గరిటె పట్టుకుని నిలబడి, పొంగినప్పుడల్లా స్టవ్వు తుడిచి, గడియారం చూసుకుంటూ, బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు వేసింది నేను. మావారు డ్వేన్ చేసిందల్లా, "కాస్త దించిపెట్టవా" అని నేను మూడుసార్లు పిలిచాక, టీవీలో ఆట ఆగినప్పుడు వచ్చి, గంగాళం పొయ్యి మీంచి దించడం. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలతో బీరంతా అతనిదైపోతుంది.

పోయినేడు మా ఊరి సంతలో జరిగిన పోటీలో మా బీరుకి మొదటి బహుమతి వచ్చింది. ఫారం నింపింది డ్వేన్, అందులో ఉన్నది డ్వేన్ పేరు. ఇదేంటని అడిగితే, "నేను లేకపోతే నువ్వు గంగాళమైనా దించలేవు కదే," అని నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఈ ఏడు ఆ ఫారంలో నా పేరు ఉండాలి. వర్నా అని, అంతే.

శనివారం కొత్త గంగాళం కొనడానికి ఇద్దరం వెళ్ళాం. దుకాణం అతను నావైపు చూడనైనా చూడకుండా, ఎంత కాస్తారు సార్ అని డ్వేన్‌ని అడిగాడు. ఐదు గ్యాలన్లన్నాడు డ్వేన్. సరిగ్గా ఐదు గ్యాలన్లు పట్టేదే తీసి, గుండెల దాకా ఎత్తి బరువు చూసుకున్నాడు. మరి పొంగడానికి చోటేదీ? మూడేళ్ళుగా మాడిన స్టవ్వు గోకుతున్నదాన్ని నేనైతే, ఆ ప్రశ్న అతనికెందుకు వస్తుంది?

"ఆ పది గ్యాలన్లది దించండి. కింద కొళాయి ఉన్నది," అన్నాను.

దుకాణం అతను డ్వేన్ మొహం చూశాడు. నేను కదలకుండా నిలబడితే అప్పుడు దించాడు.

"అంతది నేనెత్తలేను వర్నా," అన్నాడు డ్వేన్.

"ఎత్తక్కర్లేదు. ఖాళీది పొయ్యి మీద పెట్టి చెంబుతో నీళ్ళు పోసుకుంటా. కాగి చల్లారాక కొళాయికి గొట్టం తగిలిస్తే, పులియబెట్టే డ్రమ్ములోకి దానంతటదే దిగుతుంది."

కొళాయి తిప్పి చూశాను. రెండు వేళ్ళతో తిరిగింది. దుకాణం అతను బిల్లు పుస్తకం తీసి ఎవరి పేరు రాయమంటారని ఈసారి నన్నే అడిగాడు. చెప్పాను.

గంగాళాన్ని వెనక సీట్లో పెట్టి డ్వేన్ కారు తీశాడు. ఇంటి మలుపు తిరిగాక మెల్లగా అడిగాడు.

"అయితే ఇక నేనేం చెయ్యాలి?"

"తాగు. ఎవరు కాచారని అడిగితే, నా పేరు చెప్పు."