రూనో దొంగిలించిన వేడి

రూనో నా నేల కింది వేడి దొంగిలించాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నా బోరు ముందు పడింది, అతనిది తర్వాత. రెండు బోర్ల మధ్య ఇరవై మీటర్లు ఉండాలి. లేకపోతే పక్కింటివాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాలి. రూనో తన బోరు నా బోరుకు పద్నాలుగు మీటర్లలో వేయించాడు. సంతకం పెట్టింది నా భార్య మాయ్‌బ్రిట్. ఇల్లు ఆమె తండ్రిది, కాగితాల్లో ఆమె పేరే ఉండేది. ఎందుకు పెట్టావని అడిగాను.

"పక్కపక్కన బతికేవాళ్ళం. పెట్టకపోతే ఏం బాగుంటుంది?" అంది.

ఆ రోజు నుంచి నేను రూనోతో మాట్లాడలేదు. ఇద్దరం ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. దాన్ని బట్టి ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు. మా ఊరు గ్రాన్‌ట్రేస్క్ బడిలో ఉన్నదే రెండు బెంచీలు.

మా బోర్లు నీళ్ళ కోసం కాదు. లోతున రాయి చలికాలమంతా ఒకే వెచ్చదనంతో ఉంటుంది. గొట్టం అక్కడిదాకా దిగి తిరిగి పైకి వస్తుంది. అందులో తిరిగే ద్రవం రాతిలోని వేడిని మోసుకొస్తుంది. కింది గదిలో ఉన్న పంపు ఆ వేడిని పిండి ఇంటికి ఇస్తుంది. పంపులో ద్రవం గడ్డకట్టకుండా అందులో సారా కలుపుతారు. ఊళ్ళో అందరూ కలిపించుకున్నారు. నేను వద్దన్నాను.

మా నాన్న ఒక ఫిబ్రవరిలో తాగి సరస్సు మంచు మీద పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. నేను పెద్దవాణ్ణి కాగానే మద్యనిషేధ సంఘంలో చేరి ఒట్టు పెట్టాను. ఒక్క చుక్క సారా కూడా నా గుమ్మం దాటి లోపలికి రాదు. పంపు బిగించడానికి వచ్చినవాడితో గొట్టంలో నీళ్ళే పొయ్యమన్నాను. గడ్డకడుతుందన్నాడు. గడ్డకడితే నీకు పని రాదన్నమాట అన్నాను. మాయ్‌బ్రిట్ అతన్ని కాఫీకి పిలిచి వంటింట్లోకి తీసుకెళ్ళింది. బయటికి వచ్చాక అతను సరేనన్నాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇల్లు వెచ్చగానే ఉంది. గట్టిగా చెబితే చదువుకున్నవాడు కూడా వింటాడని అర్థమైంది.

మాయ్‌బ్రిట్ నిరుడు ఏప్రిల్‌లో చనిపోయింది. ఆమె వెచ్చని చోటికి వెళ్ళిందని పాస్టరు అన్నాడు. ఏ చోటో తేల్చి చెప్పలేదు. ఆమెకు ఎప్పుడూ పాదాలు చల్లబడేవి. జూన్‌లో కూడా ఉన్ని మేజోళ్ళు వేసుకునేది. రెండింట్లో ఏ చోటైనా ఆమె ఫిర్యాదు చేయదు.

ఆ సెప్టెంబరులో పంపు మీది సీసాలో ద్రవం మట్టం తగ్గింది. నీళ్ళు పోశాను. మళ్ళీ తగ్గింది. మళ్ళీ పోశాను. క్రిస్మస్ వచ్చేసరికి బకెట్లతో పోస్తున్నాను. జనవరిలో పంపు ఆగి ఎర్రదీపం వెలిగింది. అలాంటప్పుడు ఆదుకోవడానికి పంపులోనే ఒక కరెంటు హీటరు ఉంటుంది. కొన్నాళ్ళు అది కాచింది. తర్వాత అదీ మాడిపోయింది. పాత కట్టెల పొయ్యి ఎప్పుడో అమ్మేశాను.

బయట చలి సున్నాకు ముప్పై డిగ్రీల కింద. లోపల కోటు వేసుకుని గంజి తాగాను. కారణం నాకు తెలుసు. రూనో బోరు నా రాయిని పీల్చి పిప్పి చేసింది. రుజువు చేయించుకోవడానికి లిక్‌సెలె పట్టణం నుంచి మరమ్మతు మనిషిని పిలిపించాను.

ఆడమనిషి వచ్చింది. పేరు ఊల్రికా. నలభై ఏళ్ళుంటాయి. పై పెదవి కింద పొగాకు పొట్లం. గుమ్మంలో బూట్లు విప్పి, వెంటనే నేల చల్లదనానికి మళ్ళీ తొడుక్కుంది.

"ఇంట్లోనే బతుకుతున్నావా, లేక నేల కరిగాక పాతిపెట్టడానికి నిన్ను వసంతం దాకా నిల్వ పెట్టారా?" అంది.

"పంపు కింద ఉంది."

"పంపు ఎక్కడికీ పోదు. ముందు కాఫీ."

కాఫీ ఇచ్చాను. ఆమె బల్ల మీద అటూ ఇటూ చూసింది.

"బన్ను లేదా?"

"బన్ను చేసే మనిషి చనిపోయింది."

"అయ్యో. మరి నీ చేతులో? అవీ ఆవిడతోనే పోయాయా?"

గట్టి రొట్టె ముందు పెట్టాను. నానబెట్టుకుని తిన్నది. తర్వాత కిందికి దిగాం. పక్కింటివాడి దొంగతనం గురించి మెట్ల మీదే చెప్పాను. ఆమె వినలేదు. పంపు తలుపు తీసి, గొట్టం బిరడా కొంచెం వదులు చేసి, గ్లాసులోకి కాస్త పట్టి వాసన చూసింది. మళ్ళీ చూసింది. నాలుక చివర ఒక చుక్క వేసుకుంది.

"పెద్దాయనా, ఇందులో ఏం పోశావు?"

"నీళ్ళు. శుభ్రమైన నీళ్ళు."

"నీళ్ళున్నాయి, కాదనను. నువ్వు పోసిన ఆ నీళ్ళకే ఇది లోపల బురదమంచై కూర్చుంది. దాని వెనక ఉన్నది మాత్రం నాటుసారా."

"ఈ ఇంట్లో సారా లేదు."

"ఫ్యాక్టరీ సరుక్కి రంగుంటుంది, తాగితే కక్కించే మందు ఉంటుంది. ఇది తెల్లగా ఉంది, బంగాళాదుంప తొక్క వాసన వస్తోంది. మా నాన్న మా అమ్మకి తెలియకుండా ఇలాంటిదే తెచ్చుకునేవాడు. గ్రాన్‌ట్రేస్క్‌లో రూనో అని ఒకాయన దగ్గర."

నేను మెట్టు మీద కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పి వల్ల.

గోడలోంచి గొట్టం వచ్చే చోట అతుకు కారుతోందని ఆమె కనిపెట్టింది. ఏళ్ళుగా బొట్టుబొట్టుగా కారుతూ ఈమధ్య ఎక్కువైందట. అతుకు మార్చింది. గడ్డకట్టిన చోటికి వేడిగాలి పట్టించింది. చేస్తున్నంతసేపూ బూతుపాట ఒకటి కూనిరాగం తీసింది. నా సంఘం గోడగడియారం, దాని మీది నినాదంతో సహా, ఆమె ఎదురుగానే వేలాడుతోంది. తర్వాత, సారా లేని గడ్డకట్టని ద్రవం ఉందేమోనని ఫోన్‌లో గోదాముతో మాట్లాడింది.

"సరుకు లేదంటున్నారు. ఈ చలికి జిల్లా అంతా పంపులే ఆగాయి. గురువారం వస్తుందట."

"గురువారం దాకా ఆగుతాను."

"నువ్వు ఆగుతావు. నీ నీళ్ళగొట్టాలు ఆగవు. రేపటికి గోడల్లో పగులుతాయి. ఆ తర్వాత ఇది ఇల్లు కాదు, మంచుదిబ్బ. ఎవరైనా ఉన్నారా వెళ్ళడానికి?"

ఉమెయోలో మాయ్‌బ్రిట్ చెల్లెలు ఉంది. మూడో అంతస్తులో ఉంటుంది. నాకో గది ఉందని, నా కోసమే పరుపు కొన్నానని, ఈ ఇల్లు అమ్మేయమని అంత్యక్రియల కాఫీ దగ్గరే చెప్పింది. ఒకసారి వెళితే తిరిగి రానివ్వదు.

"మీ రూనో దగ్గర డబ్బాలుంటాయి. నీళ్ళు కొంత తీసేసి అది పోస్తే సాయంత్రానికి వేడెక్కుతుంది. నేను ఏమీ చూడలేదు, ఏమీ ఎరగను," అంది ఊల్రికా.

"గుమ్మం దాటి సారా రాదు. ఒట్టు పెట్టాను."

"గొట్టంలో ఉన్నది ఏ దారిన వచ్చిందనుకుంటున్నావు? పవిత్రాత్మ కురిపించిందా?"

"నాకు తెలియదు. గుమ్మం దాటి రాలేదు."

ఆమె నన్నొకసారి చూసి పైకి వెళ్ళింది. బయటి తలుపు చప్పుడైంది. ఆగమని నేను అరవలేదు. నా గొంతు అంత దూరం పోదు.

రూనో తన్నుడుబండి, కాలితో తన్ని నడిపే జారుడుబండి, తోసుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. మంచు మీద దాని ఇనప పట్టీల కీచు నాకు తెలుసు. తలుపు కొడతాడని చూశాను, కొడితే తీయకూడదని. అతను తలుపు దగ్గరికి రాలేదు. ఇంటి వెనక్కి తిరిగి, కింది గదికి నేలమట్టంలో ఉన్న చిన్న కిటికీ అద్దం మీద వేలితో తట్టాడు. నేనెప్పుడూ తెరవని కిటికీ అది. గడియ తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. పట్టుకోగానే వెన్నలా తిరిగింది. ఎవరో నూనె పూశారు.

మంచులో మోకాళ్ళ మీద రూనో. చెవుల టోపీ, కనుబొమల మీద మంచు, పక్కన మూడు డబ్బాలు, చేతిలో రబ్బరు గొట్టం, గరాటు.

"ఏరా హిల్డింగ్," అన్నాడు, నిన్ననే విడిపోయినట్టు. "పట్టుకో ఈ కొస. సీసా మీది బిరడా తీసి అందులో పెట్టు. నొక్కి పట్టుకో, చిమ్ముతుంది."

నేను కొస అందుకోలేదు.

"పట్టుకోరా, చేతులు పడిపోతున్నాయి. ఆవిడ ఒక్కసారి కూడా నన్నింతసేపు కూర్చోబెట్టలేదు."

"ఎవరు?"

"ఎవరేమిటి? మాయ్‌బ్రిట్. పంపు బిగించిన నాటి నుంచి ఏటా సెప్టెంబరులో, నువ్వు సంఘానికి పోయిన సాయంత్రం. ఆవిడ లోపల నువ్వున్న చోట నిలబడేది, నేనిక్కడ. తలుపు దగ్గర దించుతాను, నా నడుం పోతోందంటే ఒప్పుకునేది కాదు. హిల్డింగ్ ఒట్టు పెట్టాడు, గుమ్మం దాటకూడదు అనేది. కిటికీ గురించి నువ్వేమీ ఒట్టు పెట్టలేదట."

ఎప్పుడు తిరిగొచ్చిందో, ఊల్రికా నా వెనక దగ్గింది. అది దగ్గు కాదు.

"నిరుడు సెప్టెంబరులో కూడా వచ్చాను. అలవాటు. తట్టాను. ఎవరూ తీయలేదు. అప్పుడు గుర్తొచ్చింది," అన్నాడు రూనో.

"దానికి బదులుగా ఏం తీసుకున్నావు?"

"ఏం తీసుకుంటాను? నా బోరుకి ఒక సంతకం. ఏడాదికోసారి ఏలకుల బన్నులు."

నాకు సంతకం సంగతి తెలిసింది. మాయ్‌బ్రిట్ నా వేడిలో కొంత అమ్మి, నా వేడి నిలబెట్టింది. నాకు చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి సెప్టెంబరు సాయంత్రం నేను సంఘం నుంచి వచ్చి ఎవరెవరు ఒట్టు తప్పారో చెబితే, మేజోళ్ళ కాళ్ళు రేడియేటరుకి ఆనించి కూర్చుని వినేది. అవునా అనేది. సిగ్గుచేటు అనేది.

"నువ్వొకసారి నీళ్ళు పోస్తే చాలు, ఆగిపోతుందని ఆవిడకి తెలుసు. ఆ పాదాలతో ఈ ఇంట్లో ఒక్క చలికాలం బతికేదా? నీకు చెబితే నువ్వు పంపు పీకేసేవాడివి. పీకేవాడివా, కాదా?" అన్నాడు రూనో.

పీకేవాణ్ణి. అది అతనికి చెప్పాల్సిన అవసరం లేదు.

కొస పట్టుకున్నాను. రూనో పోశాడు. వాసనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సారా ఘాటుకి ఎవరికైనా తిరుగుతాయి. ఒక డబ్బా అయ్యాక అతను చేతులు చంకల్లో పెట్టుకుని కాసేపు ఆగాడు.

"లోపలికి వచ్చి కాచుకోమను," అంది ఊల్రికా నాతో.

"అతనికి దారి తెలుసు," అన్నాను.

"అలాగేలే. రేపు ఎవరైనా మోసుకెళ్తారు ఈయన్ని."

రూనో రాలేదు. పిలిచినట్టు అతను అనుకోలేదు, పిలిచినట్టు నేనూ అనుకోలేదు. మిగిలినవీ ఖాళీ చేశాడు. ఊల్రికా మీట నొక్కింది. పంపు మూలిగి, వణికి, తిరగడం మొదలుపెట్టింది. ఎర్రదీపం ఆరింది. చాలాసేపటికి ఆమె గొట్టం మీది ఉష్ణమాపకం ముల్లు చూసింది.

"రాయి మూడు డిగ్రీలు ఇస్తోంది. బంగారంలాంటి బోరు. నీ దగ్గర ఎవడూ ఏమీ దొంగిలించలేదు."

"పక్కన అతని బోరు లేకపోతే ఎంత ఇచ్చేది?"

"మూడున్నర ఇచ్చేదేమో."

"అర డిగ్రీ."

"అదొక లెక్కా?"

"రాసివ్వు."

"రాసివ్వను. మరి నీ గొట్టంలో ఏముందో కూడా రాయాల్సి వస్తుంది."

కిటికీలోంచి రూనో నవ్వాడు. పళ్ళు లేవు, అయినా నవ్వాడు.

"ఇక అతుకు కారదు. ఏటా పోయాల్సిన పని లేదు," అంది ఊల్రికా పనిముట్లు సర్దుకుంటూ.

రూనో నవ్వు ఆపాడు. గరాటును మంచులో గుచ్చి శుభ్రం చేశాడు. కావలసినదానికన్నా ఎక్కువసేపు శుభ్రం చేశాడు.

"అయితే సెప్టెంబరులో రానక్కర్లేదన్నమాట," అన్నాడు.

నేను రబ్బరు గొట్టం కొస బయటికి అందించాను. అతను ఖాళీ డబ్బాలు బండి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. కీచు చప్పుడు అతని గుమ్మం దాకా వినిపించింది. కిటికీ మూశాను. గడియ మెత్తగా పడింది.

శనివారం సంఘం మా ఇంట్లోనే జరిగింది. నిరుడు మార్చిలో హాలు కప్పు మంచు బరువుకి కూలినప్పటి నుంచి ఇక్కడే జరుగుతోంది. అధ్యక్షురాలు ఎల్సీ తన వెడల్పాటి వీపు రేడియేటరుకి ఆనించి కూర్చుంది. పాట పాడారు. తాగుడు వల్ల చెడ్డ ఇళ్ళ గురించి ఒకాయన మాట్లాడాడు. మేజోళ్ళు వేసుకున్న కాళ్ళు వరసగా వెచ్చబడ్డాయి.

"మాయ్‌బ్రిట్ ఉన్నప్పటిలాగే హాయిగా ఉంది. ఏం చేశావు హిల్డింగ్?" అంది ఎల్సీ.

"అతుకు మార్పించాను," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఉమెయోకి ఫోన్ చేసి పరుపు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమని చెప్పాను. సెప్టెంబరులో ఏం చేస్తానన్నది నా ఇష్టం. కిటికీ గడియకు నూనె పూస్తే అది గడియ కోసం పూసినట్టే.

రూనో నా వేడి దొంగిలించాడు, అర డిగ్రీ. అడిగినవాళ్ళకి అంతవరకే చెబుతాను. ఆ కిటికీ గురించి, దాని లోపలివైపు ఎవరు నిలబడేవారో దాని గురించి, ఇక ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడను.