రెండో చప్పుడు

వెనకసీటు వీపుని రెండు చేతులా పట్టుకుని గుంజింది డ్రైవరమ్మ. కదల్లేదు. నిన్న కొండదారి ఎక్కుతుంటే అదే సీటు దానంతటదే ముందుకి మడతపడి, డ్రాయింగ్ టీచరు మోచెయ్యి వాచింది. మళ్లీ ఇలా అయితే వేరే బండి చూసుకుంటామని టీచర్లు మొహం మీదే చెప్పేశారు. కొండ మీది బడికి వాళ్లని చేరవెయ్యడమే ఆమె బతుకుతెరువు. భర్త పోయాక ఆమెకి మిగిలింది ఈ పాత జీపూ, అత్తా, మరిదీ.

వంగి బోల్టులు చూసింది. గట్టిగానే ఉన్నాయి. కానీ తుప్పుపట్టిన తలల మీద కొత్త గీతలు మెరుస్తున్నాయి. ఎవరో స్పానర్ పెట్టారు. తను పెట్టలేదు. ఇంట్లో స్పానర్ పట్టేది ఇంకొక్కడే. ఈ డొక్కు అమ్మేద్దామని ప్రాణం తీస్తున్న మరిది.

వరండాలో దొరికాడు.

"ఏం బాబూ, వెనకసీటు విప్పావా?"

"నాకేం పని వదినా? నీ రథం జోలికి నేనెందుకొస్తాను?" అన్నాడు టీ గ్లాసులోకి చూస్తూ.

"బోల్టుల మీద గీతలున్నాయి."

"ఎలుకలేమో."

"స్పానర్ పట్టే ఎలుకలా?"

గుమ్మంలో కూర్చున్న అత్త ఉన్నట్టుండి దగ్గింది. మరిది గ్లాసు పెట్టేసి లేచాడు. అతని చొక్కా చేతికి నీలం దారప్పోగు అంటుకుని ఉంది. సీటు కవరు కుట్లదీ అదే రంగు. ఏం కోశాడు వీడు?

జీపు దగ్గరికి వచ్చి సీటు వీపు మడిచింది. దాన్ని నిలిపే కొక్కెం కడ్డీని ఎంతవరకు పట్టుకుంటోందో చూద్దామని కడ్డీకి గ్రీజు రాసి, సీటు వీపు లేపి వెనక్కి తోసింది. టిక్. మళ్లీ మడిచి చూస్తే గ్రీజు కొక్కెం కొసకే అంటింది. లోపలి వంపు పొడిగా ఉంది. చదును రోడ్డు మీద ఆ కొస ఆపుతుంది, గతుకులో జారిపోతుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇదివరకు రెండు చప్పుళ్లు వచ్చేవి. టిక్, టక్. రెండోది ఎప్పుడు ఆగిపోయిందో తను గమనించనే లేదు.

సీటు వెనక చెయ్యి పెట్టింది. రేకుకి ఆనాల్సిన చోట కవరు ఉబ్బి అడ్డుపడుతోంది. ఎప్పుడూ స్టీరింగ్ వదలని మనిషి, మొదటిసారి వెనక ఎక్కి కూర్చుంది. పరుపులా ఉంది.

"నా బండి చెడగొట్టి అమ్మించాలనేగా నీ ఎత్తు?" అంది వరండాలోకి వచ్చి మరిదితో.

అతను తల్లి వైపు చూశాడు.

"వాడినేం అనకే. కుట్టింది నేను," అంది అత్త. "ఆ టీచరమ్మ వీపుకి ఇనుము గుచ్చుకుంటోందని నువ్వేగా వాపోయావు. వాడు విప్పి తెచ్చాడు, మళ్లీ బిగించాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

అత్తకి ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది. కుట్టుపని ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్తే, మిషన్‌కి తాళం వేసింది కోడలే.

డ్రైవరమ్మకి ఎవరి మీద విరుచుకుపడాలో తెలియలేదు. "నిన్న చెయ్యి వాచింది. అదే తల అయ్యుంటే, అత్తయ్యా?"

అత్త కత్తెర కోసం చెయ్యి చాచింది. కోడలు దాన్ని లాక్కుని, మరిది సీటు విప్పి తెస్తే తనే కుట్లు విప్పింది. వీపు వెనక నింపిన దూదంతా తీసేసి, ముందువైపుది ఉంచింది. మరిది మళ్లీ బోల్టులు బిగించాడు. సీటు లేపి తోసింది. టిక్, టక్.

"ఎక్కు. వెనక," అంది మరిదితో. "టీచర్లకంటే ముందు నువ్వు ఊగి చూడు."

కొండదారిలో పెద్ద గతుకు చూసి మరీ దింపింది. మరిది తల పైకప్పుకి కొట్టుకుంది. సీటు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

"కక్ష తీరిందా వదినా?"

"ఇంకా లేదు."

అద్దంలో అతని చెయ్యి జేబు తడుముకోవడం కనిపించింది. మిషన్‌కి తాళం వేసింది తను. తాళంచెవి తన కొంగునే ఉంది. మరి మిషన్ ఎలా తెరుచుకుంది?

బండి పక్కకి ఆపి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచింది.

"ఆ రెండో తాళంచెవి ఇటివ్వు."