పుచ్చు లేని నోరు

ఒక్క పుచ్చు కూడా లేని నోటికి ఎక్స్‌రే ఎందుకో పళ్ల డాక్టరుకి అర్థం కాలేదు. కుర్చీలో ఉన్నది, కనిపించకుండా పోయినవాళ్ల వివరాలు సేకరించే లాయరు. పట్టణంలో సైనికులు దిగినప్పటి నుంచీ ఆమె వెనకే ఒక జీపు తిరుగుతోంది.

"నొప్పి లేదు, వాపు లేదు. మరి ఎక్స్‌రే ఎందుకమ్మా?"

"రేపు నన్నూ ఎత్తుకుపోతే, దొరికిన ఎముకలు నావో కావో మా అమ్మకి తెలియాలి కదండీ. అన్నయ్యని తీసుకెళ్లి మూడేళ్లయింది. ఎముకలు బయటపడ్డ ప్రతి గోతి దగ్గరికీ అమ్మ పరిగెత్తింది. ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు."

డాక్టరు అద్దం పెట్టి ఆమె నోట్లోకి మళ్లీ చూశాడు. "చిక్కేంటంటే, మీ పళ్లు మరీ బాగున్నాయి. ఒక్కదానికీ సిమెంటు లేదు. గుర్తుపట్టడం కష్టం."

"అయితే ఒకటి తొలిచి సిమెంటు పెట్టండి."

"బాగున్న పన్నునా? నాకు చేతులు రావు తల్లీ!"

"రెండుపూటలా తోమించిన మా అమ్మనే అనాలి," అని నవ్విందామె.

ఎక్స్‌రే తెర మీదికి వచ్చింది. డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు. కింది దవడలో, బయటికి రాని జ్ఞానదంతం ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. దాని వేరు గాలంలా వంకర తిరిగింది.

"ముప్పయ్యేళ్లలో ఇలాంటిది చూడలేదు!" వంకర పన్నుని చూసి అతను సంబరపడటం అదే మొదటిసారి. "ఒక కాపీ నా దగ్గర, ఒకటి మీ అమ్మగారి దగ్గర ఉంటాయి."

"జీపువాళ్లు వచ్చి, నేనెందుకొచ్చానని అడిగితే?"

"పుచ్చుపన్నని చెప్తాను. మీరు మాత్రం, ఎంత నొప్పి పుట్టినా దీన్ని పీకించుకోకండి."