అత్తగారు దాచిన నిమిషాలు

ఫోన్ల కొట్లో అడుగుపెట్టినప్పటి నుంచి అత్తగారి వేలు అన్‌లిమిటెడ్ ప్లాన్ కాగితం మీదే ఉంది. రోజూ పొద్దున్నే వాళ్ళక్కతో కబుర్లాడితే గానీ ఆవిడకి ముద్ద దిగదు మరి. కోడలు మాత్రం ఇంకో కాగితం లాక్కుంది. అందులో ఇద్దరికీ కలిపి ఒకే ప్లాన్, నెలాఖరుకి వాడని నిమిషాలు వెనక్కిస్తారు.

"వెనక్కంటే?" అంది అత్తగారు.

"అన్ని కంపెనీలూ ఇచ్చేదేనమ్మా. మీట నొక్కితే, ఎన్ని నిమిషాలు మిగిలితే అంతసేపూ మీకు తప్ప అందరికీ కాలం ఆగుతుంది," అన్నాడు కొట్టతను చార్జర్ల మీద దుమ్ము దులుపుతూ. "నిన్న మా బావమరిది దాంతోనే రైలందుకున్నాడు."

కోడలి మొహం వెలిగింది. సిటీ బస్సు డ్రైవర్ ఉద్యోగం కోసం ఇప్పటికే రెండుసార్లు పరీక్షకి వెళ్ళొచ్చింది. అధికారి విజిల్ ఊదేలోపు బస్సుని వెనక్కి నడిపి రెండు స్తంభాల మధ్య నిలపాలి. రెండుసార్లూ చేతులు వణికి ఆలస్యమైంది. ఇక ఒక్కసారే రానిస్తారు.

అత్తగారు ఆ మొహం చూసి, తన కాగితం పక్కకి తోసేసింది. "ఇదే ఇవ్వు బాబూ. నేను నోటికి తాళం వేసుకుంటాను."

"మీరా, అత్తయ్యా?" కోడలు నవ్వాపుకోలేకపోయింది.

వేసుకుంది కూడా! ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే అక్కే తిరిగి చేస్తుందని ఆవిడ ఎత్తు. ఆ అక్క ఈవిడని మించిన పిసినారి, తనూ ఒక్క రింగే ఇచ్చేది. నెలంతా అక్కాచెల్లెళ్ళ ఫోన్లు కుయ్యిమని ఆగిపోవడమే తప్ప ఒక్క మాట నడవలేదు. కబుర్లు గొంతులో అడ్డుపడి అత్తగారు ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

పరీక్ష రోజు ఆవిడ కంచె అవతల నిలబడింది. బస్సు వెనక్కి కదిలింది. సగం దారిలో కోడలి చేతులు మళ్ళీ వణికాయి, బస్సు వంకరపోయింది. అధికారి విజిల్ నోట్లో పెట్టుకోవడం చూసి కోడలు ఫోన్ మీద మీట నొక్కేసింది.

అంతా ఆగింది. బుగ్గలుబ్బించిన అధికారి, కంచె మీద కాకి, అన్నీ. ఆ నిశ్శబ్దంలో ఫోన్లోంచి అత్తగారి గొంతు మొదలైంది. నెలంతా మింగిన మాటలన్నీ ఆ నిమిషాల్లోనే ఉన్నాయి! ఎదురింటావిడ కొత్త కర్టెన్లు, మోకాలి నొప్పి, పాలు పొంగిపోయిన సంగతి... మధ్యలో, "అక్కా, మా కోడలికి ఉద్యోగం వచ్చిందే! అంత బస్సుని అది ఎలా తిప్పుతుందో నువ్వు చూడాలి. భయమా? దాని బస్సులో నేను కళ్ళు మూసుకుని కూర్చుంటా!"

ఇంకా రాని ఉద్యోగం! కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చేతుల వణుకు ఎప్పుడు పోయిందో తెలీలేదు. స్టీరింగ్ తిప్పి, సరిచేసి, ఆ గొంతు వింటూనే బస్సుని స్తంభాల మధ్య నిలిపింది.

విజిల్ మోగింది. అధికారి బస్సు చుట్టూ తిరిగి చూశాడు.

"నిమిషాలు వాడినట్టున్నారే. పర్లేదు, మీవే కదా. రేపే డ్యూటీలో చేరండి."

కోడలు బస్సు దిగేలోపే అత్తగారు కంచె తలుపు తోసుకుని వచ్చేసింది. ఫోన్ వెతుక్కునే ఓపిక ఎక్కడిది? ఎదురుగా దొరికిన అధికారి చెయ్యే పట్టుకుని, "మా కోడలు పాసైంది బాబూ, తెలుసా!" అని మొదలుపెట్టింది.