గొర్రె చెవికి జూకాలు

ఉల్మెకెన్ కళ్ళు పొడిబారిపోయి చాలా ఏళ్ళయింది. ఏడవడానికి నీళ్ళు లేవని కాదు, ఏడిస్తే ధారగానే కారేవి. మామూలప్పుడు కంటిని తడిగా ఉంచే పలచటి పొర ఒకటుంటుందే, అదే నిలవదు. పొద్దున లేస్తే రెప్పల కింద ఇసుక పోసినట్టు గరగర, సాయంత్రమయ్యేసరికి ఎదుటి మనిషి మొహం పొగలో ఉన్నట్టు మసక. కజాలీ ఊరి గాలి అలాంటిది. అరల్ సముద్రం ఎండి వెనక్కి పోయిన చోటి నుంచి ఉప్పుదుమ్ము మోసుకొచ్చి మొహాన కొడుతుంది. "సముద్రమే ఎండిపోయింది, నీ కళ్ళెంతలే ముసలీ," అంటాడు ఆమె మొగుడు ఇజ్బాసర్. రైల్వేలో పట్టాలు చూసి చూసి రిటైరయిన మనిషి. ఓదార్చడం అంతకన్నా చేతకాదు అతనికి.

కళ్ళతో ఆమె ఎలాగో నెట్టుకొస్తూనే ఉంది. చుక్కల మందు వేసుకునేది, మసక ముదిరితే పని ఆపి కాసేపు కళ్ళు మూసుకునేది. కొడుకు బెక్జాత్‌కి సంబంధం కుదిరాకే అసలు చిక్కు వచ్చిపడింది. పిల్ల పేరు అకెర్కె, అరల్ పట్నంలో టీచరమ్మ. వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు, పెద్దవాళ్ళూ సరేనన్నారు. ఇక జూకాలు పెట్టడమే మిగిలింది. కాబోయే అత్త పిల్ల ఇంటికి వెళ్ళి, నలుగురి ముందూ తన చేత్తో పిల్ల చెవులకి జూకాలు పెడితేనే మాట ఖాయమైనట్టు.

అది తలుచుకుంటే ఉల్మెకెన్‌కి అన్నం సయించేది కాదు. ఒకప్పుడు ఆమెకి జూకాలు పెట్టిన అత్తగారు కొక్కేన్ని రంధ్రంలో కాక పక్కన గుచ్చింది. తెల్ల గౌను మీద రక్తపు బొట్టు పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారు మంచిదే, ఆ తర్వాత ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆవిడ చెయ్యి దేనికోసం పైకి లేచినా ఉల్మెకెన్ చెవి దానంతటదే జంకేది, ఆవిడ కన్నుమూసేదాకా అంతే. తన కోడలికి తన చెయ్యంటే అలాంటి జంకు పుట్టకూడదు. ఆమె కోరుకున్నది ఇంతే.

కోరిక చిన్నదే. కళ్ళే ఒప్పుకోలేదు. ముహూర్తం దగ్గరపడే కొద్దీ మంట ఎక్కువైంది, రెప్పలు వాచాయి. ఆస్పత్రికి వెళితే డాక్టరమ్మ దీపం వేసి చూసి, పెద్దావిడని పిలిచినట్టే అపా అని పిలిచి చెప్పింది.

"కొత్తగా ఏమీ లేదు అపా. పాత జబ్బే. ఇంట్లో ఏమైనా దిగులుందా?"

"నా దిగులుకీ నా కళ్ళకీ ఏంటమ్మా సంబంధం?"

"ఉంది. దిగులు పెట్టుకుంటే నిద్ర చెడుతుంది, ఒళ్ళంతా బిగుసుకుంటుంది, రెప్ప వేయడం కూడా మర్చిపోతారు. ఉన్న జబ్బు ఇంకా రేగుతుంది. చుక్కలు ఆపకండి. మనసు కాస్త తేలిగ్గా ఉంచుకోండి."

ఉల్మెకెన్ తల ఊపి ఇంటికొచ్చింది. మనసు తేలిగ్గా ఉంచుకోమంటే ఉంటుందా? ఇదివరకు జూకాల గురించే దిగులు. ఇప్పుడు దిగులు పడుతున్నానేమోనని ఇంకో దిగులు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఒకరోజు ఇజ్బాసర్ వంటింట్లోకి వస్తే ఆమె బల్ల ముందు కూర్చుని, రెప్ప వేయకుండా గుడ్లప్పగించి దేన్నో చూస్తోంది. పళ్ళెంలో ఉడికించిన గొర్రె తల. దాని చెవికి ఉల్మెకెన్ పాత జూకా వేలాడుతోంది. రెండోది పట్టుకుని, దబ్బనంతో పొడిచిన రంధ్రం కోసం ఆమె వెతుక్కుంటోంది.

ఇజ్బాసర్ పళ్ళెం మీదికి వంగి చూశాడు.

"పిల్ల బాగానే ఉంది," అన్నాడు. "కాకపోతే వాళ్ళమ్మ పోలిక."

"నోరు మూసుకుని అవతలికి పోవయ్యా."

"ఆ మాటేదో వియ్యపురాలితో చెప్పేస్తే పోలా? నాకు కళ్ళు ఆనవు, కాస్త చెయ్యి పట్టుకోండి అని."

"ఎందుకు చెబుతాను? ఆవిడ చేపల బజారులో దుకాణం పెట్టి నెగ్గుకొచ్చిన మనిషి. గుడ్డి అత్తకి చాకిరీ చెయ్యడానికి పిల్లనడిగారని ఊరంతా చాటదూ?"

ఇజ్బాసర్ రాత్రి భోజనంలో రెండో చెవి తినేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. అరల్ పట్నంలో పెళ్ళికూతురి ఇంటి గుమ్మంలోనే వియ్యపురాలు కులాష్ ఎదురొచ్చి, ఉల్మెకెన్‌ని గట్టిగా కావలించుకుంది. ఎత్తయిన మనిషి, గొంతు మనిషికన్నా పెద్దది. కానుకలు చేతులు మారాయి. కజాలీ నుంచి తెచ్చిన నీలం మఖ్మల్ పొడుగు అంగీని పెళ్ళికూతురి తండ్రి సైలౌకి తొడిగారు. వాళ్ళు ఇజ్బాసర్‌కి తొడిగిందీ నీలం మఖ్మలే, అదే కుట్టు. ఇద్దరూ ఒకే ఒడ్డూ పొడుగూ ఉన్న మనుషులు, ఇద్దరికీ బట్టతల. పక్కపక్కన కూర్చుంటే ఒకే గుడ్డలో కోసిన రెండు దిండ్లలా ఉన్నారు.

ఉల్మెకెన్ చుక్కల సీసా చేతి రుమాలులోనే ఉంది. తీస్తే అందరూ చూస్తారని తీయలేదు. గదిలో దీపాల చుట్టూ జల్లెడలాంటి వలయాలు కనిపిస్తున్నాయి. మొహాలన్నీ కలిసిపోయాయి.

టీ, రొట్టెలూ అయ్యాక కాలేయమూ, గొర్రె తోక కొవ్వూ వచ్చాయి, పుల్ల పెరుగు కలుపుకుని. ఈ ముద్ద కుదా, కుదగీలు, అంటే వియ్యంకులూ వియ్యపురాళ్ళూ, ఒకరికొకరు చేత్తో తినిపించుకోవాలి, వేళ్ళకి మిగిలిన పెరుగు బుగ్గలకి పూయాలి. పరాచికాలకి అదే సందు. కులాష్ మొదలుపెట్టి ఉల్మెకెన్ నోట్లో ఇంత కుక్కింది. ఇప్పుడు ఉల్మెకెన్ సైలౌకి పెట్టాలి. ముద్ద తీసుకుని లేచింది. ఎదురుగా నీలం మఖ్మల్ కనిపించింది. మీద బట్టతల కనిపించింది. నవ్వుతూ ముద్ద నోట్లో పెట్టి, పెరుగంతా రెండు బుగ్గలకీ పట్టించి, "తీపి నోరు చేసుకోండి కుదా, మీ ఇంటి పిల్ల మా ఇంటి వెలుగవ్వాలి," అంది.

ఆ మనిషి నిదానంగా నమిలి మింగాడు.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి తినిపించావే ముసలీ," అన్నాడు ఇజ్బాసర్ గొంతుతో.

ఉల్మెకెన్ ఇన్నాళ్ళు దాచుకున్న గుట్టు పెరుగుతో సహా మొగుడి మొహం మీద పడింది.

"కుదగీ," అంది కులాష్ నెమ్మదిగా. "మేం పిల్లని మీ అబ్బాయికిద్దామనుకున్నాం. నీ మొగుణ్ణి మళ్ళీ నీకే ఇచ్చి చెయ్యమంటే ఆ ఖర్చు మాది కాదు."

గదంతా గొల్లుమంది. ఉల్మెకెన్ నిలబడే చెప్పేసింది, ఇంక దాచి ఏం లాభమని.

"నాకు కనపడలేదు కుదగీ. కళ్ళు పొడిబారే జబ్బు. భయమేస్తే మరీ ఎక్కువవుతుంది. పిల్ల చెవికి ఎక్కడ గుచ్చుతానోనని ఈ నెలంతా భయమే."

"ఓసి, ఇదేనా. చెప్పొద్దూ?" కులాష్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. "పొద్దున మా వంటింట్లో రొట్టెలు మాడిపోయాయి. మీరు చూస్తే ఈ ఇంటి ఆడవాళ్ళకి పని రాదంటారని పైన మీగడ పూసి పెట్టాను. మీ ఆయన లొట్టలేసుకుంటూ తిన్నాడు. గుట్టు నీ ఒక్కదానికేనా?"

"అసలు సంగతి వినండి," అన్నాడు ఇజ్బాసర్, బుగ్గ మీది పెరుగు వేలితో తీసి నాకుతూ. "ఇది మీ ఇంటికి రాకముందే ఒక కోడలికి జూకా పెట్టింది. ఉడికించిన గొర్రెకి. నేను దాని చెవి తినేశాను. మీ అమ్మాయిని కాస్త జాగ్రత్తగా కూర్చోబెట్టండి."

ఎవరు ముందు పకపకలాడారో తెలియదు. సైలౌ నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. కులాష్ నేల మీద కూలబడింది. తెర వెనక కూర్చున్న పెళ్ళికూతురి నవ్వు కూడా వినపడింది. అణుచుకోబోయి చేతకాక బయటికి తన్నుకొచ్చిన నవ్వు. అది విన్నాక ఉల్మెకెన్‌లో ఏదో ముడి ఊడిపోయింది. ఆమె కూడా పడీ పడీ నవ్వింది. పక్కటెముకలు నొప్పి పుట్టాయి. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. తుడుచుకుంది, మళ్ళీ కారాయి.

రుమాలు తీసేసరికి ఎదురుగా కులాష్ మొహం కనిపించింది. ముక్కు మీద మచ్చతో సహా.

"పిల్లని తీసుకురండి," అంది ఉల్మెకెన్. "త్వరగా. ఈ తడి ఎంతసేపుంటుందో తెలీదు."

అకెర్కె వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నవ్వు ఇంకా పెదాల కొసన వణుకుతోంది. ఉల్మెకెన్ జుట్టు వెనక్కి తోసింది. చిన్న చెవి. మధ్యలో నువ్వుగింజంత రంధ్రం. దాని పక్కన గోధుమ రంగు పుట్టుమచ్చ. అంతా కనిపించింది.

"కదలకే తల్లీ," అంది ఉల్మెకెన్.

"నేను కదలట్లేదు అపా. మీ చెయ్యే నవ్వుతోంది."

అది నిజమే. ఆమె ఊపిరి తీసుకుని, రెప్పలు రెండుసార్లు కొట్టి, కొక్కెం ఆనించింది. పిల్ల భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఆ బిగువు ఉల్మెకెన్‌కి తెలుసు, తన ఒంట్లో ఎన్నో ఏళ్ళు మోసింది దాన్ని. వెంటనే మాటల్లో పెట్టింది.

"గొర్రె నీకన్నా నయమే. అది ఇలా బిగుసుకుపోలేదు. బడిలో పిల్లలు నిన్నేమని పిలుస్తారు?"

"వెనకాల ఏమంటారో తెలీదు. ఎదురుగా మాత్రం టీచరమ్మా అంటారు."

"వెనకాల అనేదే నిజమైన పేరు. కనుక్కో. పెళ్ళిలో నేనూ అలాగే పిలుస్తాను."

అకెర్కె కిలకిలా నవ్వింది. భుజాలు దిగిపోయాయి. ఉల్మెకెన్ రెండో చెవి దగ్గర్నుంచి చేతులు వెనక్కి తీసుకుంది. కళ్ళ అంచున మళ్ళీ గరగర మొదలవుతోంది. పోనీలే అనుకుంది. రుమాలులోంచి చుక్కల సీసా తీసి, అందరూ చూస్తుండగానే బల్ల మీద పెట్టింది. ఆ మీదటే అడిగింది, ఎవరూ తనని ఎన్నడూ అడగని ఆ మాట.

"నొప్పి పెట్టిందా?"

"ఏది అపా?" అంది అకెర్కె, ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. "కానివ్వండి, నేను సిద్ధమే. పెట్టండి."

రెండు జూకాలూ ఆమె బుగ్గల పక్కన ఊగుతున్నాయి.